గాడిద బొమ్మల లెక్కల పుస్తకాలు

పైనుంచి తనిఖీ అధికారి వచ్చిన రోజున అశిర్‌బెక్ అగాయ్ సిరా ఇంకా ఆరని బొమ్మ మీద కూర్చున్నాడు.

బొమ్మలో ఏడు గాడిదలు వరసగా నడుస్తున్నాయి. ఒక్కోదాని వీపు మీద ఎనిమిది బొగ్గు సంచులు. పైన మబ్బులాంటి గీతలో "మొత్తం ఎన్ని?" అన్న ప్రశ్న. ఇదంతా ఆయన బూడిదరంగు ప్యాంటు వెనక భాగం మీద, తిరగబడి అయినా స్పష్టంగానే అచ్చయింది. ఆయన లేచి, తనిఖీకి వచ్చినాయన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు వైపు తిరిగి తొమ్మిదీ ఆరూ కూడమని రాశాడు.

"యాభై ఆరు" అన్నారు మూడో తరగతి పిల్లలు ముక్తకంఠంతో.

"తప్పు" అన్నాడాయన, బోర్డు వైపు నుంచి తిరక్కుండానే.

"కాదగాయ్, యాభై ఆరే. మళ్ళీ లెక్కపెట్టాం."

నేను పక్క గదిలో భాష చెబుతున్నాను. ఈ గోలేమిటని తొంగిచూసి, సంగతి గ్రహించి, నా పూలశాలువా తెచ్చిచ్చాను. మిగతా రోజంతా ఆయన అది నడుముకి చుట్టుకునే పాఠం చెప్పాడు. తనిఖీ ఆయన వెళ్ళేటప్పుడు రిజిస్టరులో ఇలా రాశాడు: "క్రమశిక్షణ తక్కువ. ఎక్కాలు బాగా వచ్చు. ఉపాధ్యాయుడి వస్త్రధారణ సరిచూసుకోవలెను."

అగాయ్ అంటే మా దగ్గర మేష్టారు, కాని అశిర్‌బెక్ అగాయ్ పుట్టుకతో మేష్టారు కాడు. ఇరవై రెండేళ్ళపాటు మా ఊరి బొగ్గుగనిలో కొలతలవాడు. మనుషులు కొండ కింద ఎటు తవ్వారో, ఎంత తవ్వారో రోజూ దిగి కొలిచి, పైకొచ్చి కాగితం మీద గీసేవాడు. కమ్యూనిస్టుల రాజ్యం పోయాక కొన్నాళ్ళకి గని మూసేశారు. గని నోళ్ళలో కాంక్రీటు పోశారు. సగం ఊరు రష్యా వెళ్ళి మంచు ఊడుస్తోంది. బడిలో ఇద్దరు టీచరమ్మలు కూడా అలాగే వెళ్ళిపోతే, ఆ ఖాళీలో ఈయన చేరాడు. దున్నపోతు కొమ్ముల్లాంటి మీసాలతో ఎనిమిదేళ్ళ పిల్లల ముందు నిలబడితే, మొదటి వారం ఇద్దరు ఏడ్చారు.

ముప్పై ఒక్క మంది పిల్లలకి లెక్కల పుస్తకాలు తొమ్మిది. ఆ తొమ్మిదింటిలో కూడా ఒక ఊరినుంచి ఒక రైలూ ఇంకో ఊరినుంచి ఇంకో రైలూ ఎదురెదురుగా బయల్దేరుతాయి. మా పిల్లలు రైలు చూడలేదు. రెండు గొట్టాలతో కొలను నింపడం కూడా ఉంది. మా ఊళ్ళో అప్పటికి ఒక్క గొట్టంలోనూ నీళ్ళు రావడం లేదు. అందుకని ఆయన గాడిద బొమ్మలు మొదలుపెట్టాడు.

కథ ఎప్పుడూ ఒకటే. ఒక ముసలమ్మ, ఆమె గాడిద. ముసలమ్మ సంచులు లెక్కపెట్టి ప్రతిసారీ ఒకటి తక్కువ చెబుతుంది, ఆ ఒక్క సంచి బరువుకి బదులు తను ఎక్కి కూర్చోవచ్చని. గాడిద నిలబడిపోతుంది. సరైన లెక్క చెప్పేదాకా కదలదు. కొన్ని పేజీల్లో తంతుంది. వాళ్ళ మాటలు మబ్బుగీతల్లో ఉంటాయి. ఆ మాటల్లో అక్షరదోషాలు దిద్దేది నేను. ముసలమ్మ తిట్లు కొన్ని నేనే రాశానని కూడా ఒప్పుకుంటున్నాను.

మరి కాగితం? గని కార్యాలయం ఖాళీ చేసిన రోజున ఆయన పటాలన్నీ మంచుబండి మీద ఇంటికి లాక్కొచ్చుకున్నాడు. చొక్కాగుడ్డంత మందం కాగితం, ఒకవైపు ఖాళీ. వాటిని నోటుపుస్తకం సైజుకి కోశాడు. అంచులు ఎలకలు కొరికి చీకిపోయి ఉంటే, ప్రతి పటానికీ చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు చీల్చి పారేశాడు. బూట్లు కుట్టే దారంతో పుస్తకాలు కుట్టాడు. కుడిపక్క పేజీలో గాడిద, తిప్పితే వెనక పాత గని గీతలు. ఒక్కో పుస్తకంలో కొండ తాలూకు ఒక్కో ముక్క. అలా ముప్పై నాలుగు పుస్తకాలు.

"ఇరవై రెండేళ్ళ పని కదా అగాయ్, కొయ్యడానికి మీకు చెయ్యెలా వస్తోంది?" అన్నాను.

"గని చచ్చింది చెల్లెమ్మా. దాని చొక్కా చింపి పిల్లలకి కుడుతున్నాననుకో."

చీల్చిన పీలికలు నాకిచ్చాడు, తరగతి గదిలో పొయ్యి రాజెయ్యడానికి. బాగా మండేవి.

శనివారం పిల్లలు తలా ఒక పుస్తకం ఇంటికి తీసుకెళ్ళేవారు, సోమవారం తిరిగిచ్చేవారు. మొదటి చలికాలం సగానికి వచ్చేసరికి పిల్లలు నంబరు చెప్పి అడగడం మొదలుపెట్టారు.

"అగాయ్, నాకు పదిహేడు."

"పోయినవారం అదే పట్టుకెళ్ళావుగా?"

"మా నాన్న మళ్ళీ చదువుకుంటాడంట. పదహారు కూడా ఇమ్మన్నాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాడంట."

పుస్తకాలు కొవ్వొత్తి మైనం మరకలతో, నల్లటి వేలిముద్రలతో తిరిగొచ్చేవి. ఆయన వాటిని నా బల్ల మీద పరిచి పతకాలు చూపించినట్టు చూపించేవాడు. "చూశావా? ఇది తండ్రి వేలు. ఇంత లావు వేలు పిల్లది కాదు." వేలిముద్రలన్నీ వెనకవైపే ఉన్నాయని ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. చూసినా, పేజీ తిప్పేటప్పుడు అంటి ఉంటుందని సర్దిచెప్పుకునేవాళ్ళమే.

తల్లిదండ్రుల సమావేశంలో లేచి తండ్రుల్ని పొగిడాడు. "ఈ ఊళ్ళో తండ్రులు పిల్లల పక్కన కూర్చుని ఎక్కాలు చదవడం నా జీవితంలో ఇదే చూడటం" అన్నాడు. తండ్రులందరూ టోపీలు చేతిలోకి తీసుకుని వాటి లోపల ఏముందో చూసుకుంటున్నారు.

"లెక్కలంటే మాకు మొదట్నుంచీ ప్రాణం అగాయ్" అన్నాడు ముర్జాలి. పక్కవాడు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నేను దీని మీద బడి గోడపత్రికలో "చదువుకుంటున్న నాన్నలు" అని ఒక వ్యాసం రాశాను. అది మార్చి వరకూ గోడమీదే ఉంది. తియ్యడానికి నాకే మొహం చెల్లలేదు.

కాంక్రీటు పోసిన గనిలోకి ఎవరూ వెళ్ళలేరు గాని, కొండ పక్కన కన్నాలు పొడుచుకుని వెళ్ళడం ఎవరాపగలరు? ఊళ్ళో కరెంటు లేదు, పనీ లేదు, ఇంట్లో పొయ్యి మండాలి, ఎండాకాలానికి పిండి కొనుక్కోవాలి. నలుగురైదుగురు కలిసి ఒక కన్నం తవ్వుకునేవారు. ఆ సంగతి అశిర్‌బెక్ అగాయ్‌కి తెలుసు. కుందేళ్ళలా కొండ చర్మం గోకుతున్నారు, అంతకంటే లోపలికి ఎవడు పోతాడు అనుకున్నాడు. దారి తెలియకుండా ఎవడూ పోడు. ఆ మాట నిజమే.

ఫిబ్రవరిలో ఎర్గెష్ కన్నంలోకి నీళ్ళు వచ్చాయి. ముందర గట్టి బొగ్గే అనుకుని కొట్టాడట. అవతల నీళ్ళతో నిండిన పాత దారి ఉంది. లోపలున్న నలుగురిలో ముగ్గురు బయటపడ్డారు. ఎర్గెష్‌ని పైకి తియ్యడానికి రెండు రోజులు పట్టింది. అతని కూతురు బురులై మా మూడో తరగతిలో కిటికీ పక్క బెంచీ.

ఎర్గెష్ ఇంటి ముంగిట్లో గుడారం వేశారు. ఆడవాళ్ళు లోపల గోడకి తిరిగి కూర్చుని పాటగా ఏడుస్తున్నారు. మగవాళ్ళు వీధి మలుపు నుంచే "అయ్యో నా తమ్ముడా" అని గొంతెత్తి, కర్రలమీద వంగి, గుంపులు గుంపులుగా వస్తున్నారు. అశిర్‌బెక్ అగాయ్ కూడా అలాగే వచ్చాడు. ఆయనకి గొంతు బాగా ఉంది, ఏడుపు ఊరంతా వినిపించింది.

పాతిపెట్టి వచ్చాక జనానికి భోజనం పెట్టారు. కింద పరిచే గుడ్డలు చాలలేదు. పక్కింటి కోడళ్ళు ఎర్గెష్ ఇంట్లో పెట్టెలో అడుగున మడిచి ఉన్న పెద్ద తెల్లగుడ్డ ఒకటి తీసి నేలమీద పరిచి, రొట్టెలు, వేయించిన పిండి ముక్కలు, మాంసం పళ్ళేలు సర్దేశారు. అశిర్‌బెక్ అగాయ్‌ని పెద్దమనిషని మధ్యలో కూర్చోబెట్టారు. నేను టీ పోస్తున్నాను.

ఆయన ముందరి రొట్టె పక్కకి జరిపాడు. తరవాత పళ్ళెం జరిపాడు. తరవాత ఎదురుగా కూర్చున్న ఎనభై ఏళ్ళ తాత చేతికింద గిన్నె కూడా తీసి పక్కన పెట్టాడు.

"ఆకలిగా ఉందేమో, ఆ మాంసం ఇటివ్వండి" అన్నారెవరో మెల్లగా.

గుడ్డ నిండా బొగ్గుపెన్సిల్‌తో గీసిన గీతలున్నాయి. గదుల్లా, దారుల్లా, అంచుల్లో అంకెలు. పదహారు, పదిహేడు, ఇరవై రెండు. ఆయన చేతిరాతని ఎవరో శ్రద్ధగా చూసి రాసుకున్నారు. పదహారు ముక్కా పదిహేడు ముక్కా అంచుకి అంచు తెచ్చి కలిపేశారు. ఆయన ఆ కలిసిన చోట రెండు వేళ్ళు ఆనించాడు.

"ఇక్కడ పీలిక లేదు" అన్నాడు.

ముర్జాలి తన టోపీ వైపు చూసుకున్నాడు.

"ఈ రెంటికీ మధ్య మూడు సెంటీమీటర్లున్నాయి. అందులో ఒక దారి ఉంది. నీలం రంగు వేశాను దానికి. నీళ్ళున్నాయని." ఆయన మామూలు గొంతుతోనే, పాఠం చెప్పినట్టే చెబుతున్నాడు. "నేను చీల్చి పారేశాను."

మర్నాడు బడికి నాకంటే ముందే వచ్చి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"చెల్లెమ్మా, ఆ పీలికలేమైనా మిగిలాయా?"

"లేవగాయ్. నవంబరు లోపే అయిపోయాయి."

"మంచిదేలే. చలిగా ఉండేది కదా అప్పుడు" అని, పొయ్యి తలుపు తెరిచి బూడిద వైపు కాసేపు చూసి మూసేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

పుస్తకాలన్నీ వెనక్కి తీసేసుకున్నాడు. బోర్డు మీద సుద్దతో లెక్కలు చెప్పాడు. పిల్లలు ఆయన చెప్పింది రాసుకున్నారు. ప్రధానోపాధ్యాయురాలు సాలిమా ఎజె, అంటే సాలిమా అక్క, వచ్చి తలుపు వేసి చెప్పింది, పోలీసులు ఆరా తీస్తున్నారనీ, గని పటాలు బడినుంచి వెళ్ళాయని తెలిస్తే ముందు ఆయన ఉద్యోగం, తరవాత తనది పోతాయనీ. "వాటిని పొయ్యిలో పడెయ్యండగాయ్. ఈమెకి అలవాటేగా" అని నావైపు చూపించింది. ఆవిడ వెటకారంగా అన్నదో మామూలుగా అన్నదో నాకిప్పటికీ తెలియదు.

ఆయన భయం ఉద్యోగం గురించి కాదు. ముర్జాలి కన్నం ఉంది. కొండకి అవతలివైపునుంచి ఆరుగురు తవ్వుతున్నారు, అందులో నలుగురి పిల్లలు మా తరగతే. ఆ నీళ్ళదారి కొండ పొడవునా పోతుంది. ఎర్గెష్ వైపు కారింది కారగా, అవతలి సగం పల్లంలో నిండా నిలిచే ఉంది. వాళ్ళు తవ్వుతున్నది సరిగ్గా దాని వైపే, అదే గుడ్డ చూసుకుని.

మధ్యాహ్నం బడి వదలగానే కన్నం దగ్గరికి బయల్దేరాడు. ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ వెళ్ళాను. ముర్జాలి బయట కూర్చుని ఉల్లిపాయతో రొట్టె తింటున్నాడు.

"ఆపెయ్ ముర్జాలీ. ముందర నీళ్ళున్నాయి."

"ఎంత దూరంలో?"

"ఎంతైతే ఏం? ఆపెయ్యండి."

"ఆపేసి ఇంటికెళ్ళి పొయ్యిలో ఏం పెట్టమంటావగాయ్? నీ గాడిదనా?" లోపలినుంచి ఎవరో నవ్వారు. "దూరం చెప్పు. అంతవరకే తవ్వుతాం."

"చెబితే అంతవరకూ తవ్వి, ఇంకో గజం కూడా తవ్వుతారు. మిమ్మల్ని ఇరవై రెండేళ్ళు చూశాను, మీ నాన్నల్ని చూశాను."

"చెప్పకపోతే ఎంతవరకు తవ్వుతామో మాకూ తెలీదు. ఎర్గెష్‌కి మాత్రం తెలుసా?"

అగాయ్ వెనక్కి తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు జారిపడ్డాడు, లేపితే నేను పడలేదన్నాడు.

తరవాత వారం రోజులు చేత్తో గాల్లో ఏవో గీసుకుంటూ తిరిగాడు. పాతికేళ్ళ వయసులో ఆ దారిలో టేపు చివర పట్టుకుని నిలబడ్డాడట. మలుపుకి ఎన్ని అడుగులు, ఎటు ఒంగింది, పైకప్పు ఎక్కడ దిగింది, అన్నీ గుర్తు తెచ్చుకుంటున్నాడు. కొత్తగా పటం గీసి తండ్రులకిస్తే దాన్నీ ఓ దారిలాగే వాడుకుంటారు. అందుకని పిల్లలకే ఇచ్చాడు. ముప్పై అయిదో పుస్తకం, ఒకటే బొమ్మలు ముప్పై ఒక్కసార్లు గీశాడు. వేలు వాచి, చెంచా పట్టుకోవడానికి కూడా ఇబ్బందిపడ్డాడు.

ఇందులో గాడిద కొండలోకి వెళుతుంది. ముసలమ్మ "ఇంకా బోలెడు దూరం ఉందిలే, నడవ్వే" అంటుంది. అడుగున కొండ పటం, ఈసారి ముందువైపే, నీళ్ళదారి నీలం రంగులో. కాగితం మీద ఒక సెంటీమీటరు అంటే కొండలో అయిదు మీటర్లు. ముందు పిల్లలతో తరగతి గది కొలిపించాడు, తరవాత బడి ఆవరణ, తరవాత కొండ. ఎవరి నాన్న ఎక్కడ మొదలుపెట్టాడో పిల్లలకి తెలుసు. రోజుకి ఎంత తవ్వాడో ఇంట్లో అడిగి, బొమ్మలో గాడిదని అంత ముందుకి జరిపి గియ్యాలి. అదే ఇంటిపని.

బురులై స్కేలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తరవాత లేచింది.

"మా నాన్న నీళ్ళకి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉన్నాననుకున్నాడగాయ్?"

ఆయన ఆమె బెంచీ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని, స్కేలు పెట్టి సరిగ్గా కొలిచాడు. "అసలు నీళ్ళే లేవనుకున్నాడు. ఇక్కడ గట్టి బొగ్గుందనుకున్నాడు" అన్నాడు. "ఎందుకంటే నేను ఈ మూడు సెంటీమీటర్లూ చీల్చేశాను."

"మూడంటే పదిహేను మీటర్లు" అంది ఆ పిల్ల.

"అవును. లెక్క సరిగ్గానే చేశావు."

ఆమె కూర్చుంది.

పదకొండో రోజున ముర్జాలి బడికి వచ్చాడు. తాగి లేడు, అంతకంటే కోపంగా ఉన్నాడు. సైకల్ అనే తన కూతురి పుస్తకం చేతిలో ఊపుతూ నేరుగా తరగతిలోకే వచ్చేశాడు.

"ఏం నేర్పుతున్నావు నువ్వు? అన్నం దగ్గర కూర్చుంటే చాలు, నాన్నా ఇవాళ ఎంత, నాన్నా ఇవాళ ఎంత. ఇదిగో, దీని లెక్క ప్రకారం నేను గురువారం చస్తానంట. వాళ్ళమ్మ ముందర చెప్పింది. ఆవిడ అప్పట్నుంచీ ఏడుపు ఆపలేదు."

"ఏదీ, చూడనీ."

అగాయ్ పుస్తకం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ కూడాడు. గాడిద నీలం గీతకి దాదాపు మూతి తగిలేంత దగ్గరికొచ్చి ఉంది.

"తప్పు చేసిందయ్యా" అన్నాడు.

ముర్జాలి భుజాలు దిగాయి. "అదే, నేనూ అదే అంటున్నా."

"సోమవారం తవ్విన రెండు మీటర్లు కలపడం మరిచిపోయింది. బుధవారం."

ఆ రోజు మంగళవారం.

ముర్జాలి కూతురివైపు చూశాడు. సైకల్ సిగ్గుపడి, రబ్బరు తీసుకుని దిద్దడం మొదలుపెట్టింది. అతను కాసేపు నిలబడి ఆ దిద్దడం చూశాడు. తరవాత పుస్తకం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఆరుగురూ కన్నంలోంచి ఆనుకర్రలు లాగేసుకుని, రెండు కిలోమీటర్ల అవతల వేరే వాలు మీద కొత్తది మొదలుపెట్టారు. తవ్వడం మానేశారని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. అక్కడ ఏప్రిల్లో పైకప్పు రాలి ఒకడి కాలు విరిగింది. నలుగురు తండ్రులు మాత్రం సంవత్సరాంతం సమావేశానికి వచ్చి, ఎప్పట్లాగే టోపీల్లోకి చూసుకుంటూ కూర్చున్నారు.

మే నెలలో జిల్లానుంచి పాఠ్యప్రణాళిక చూసే ఆమె వచ్చింది. బొగ్గు సంగతీ ఎర్గెష్ సంగతీ ఆమెకి ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. గాడిద పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి చూసింది. ఆమె పేజీ తిప్పినప్పుడల్లా సాలిమా ఎజె వెనక నిలబడి చేతిరుమాలు పిండుకుంటోంది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయంది. కూడికలు, ఎక్కాలు బావున్నాయంది. ముప్పై అయిదో పుస్తకం దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఇదేంటగాయ్? సెంటీమీటరుకి అయిదు మీటర్లు, పటాలు, దూరాలు. ఇది ఆరో తరగతి పాఠం. మూడో తరగతి పిల్లలకి ఇంత పెందరాళే ఎందుకు చెప్పారు? ఆరో తరగతికి వచ్చేదాకా ఆగలేకపోయారా?"

అశిర్‌బెక్ అగాయ్ పుస్తకం ఆమె చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని, మిగతావాటి పైన పెట్టాడు.

"ఆరో తరగతికి వచ్చేదాకా వీళ్ళ నాన్నలుండాలి కదమ్మా."